పాలకడలి యొడ్డున వానకాలము



యాత్ర అనగానే మనవారు ముందుగా పంచాంగము చూచి, వానలు వెనుకబట్టిన పిమ్మట, ఎండలు ముదురకమునుపు, బాటలు ఆరియున్న రోజులను ఏరుకొని బయలుదేరుట పరిపాటి. పిల్లాపాపలతో, మూటాముల్లెలతో పోవువారికి అంతకంటె మంచి పద్ధతి వేరొకటి లేదు. కాని చెరువును, అడవిని, పక్షిని చూడగోరి పోవువానికి మాత్రము వానకాలమును మించిన కాలము లేదని నా నమ్మకము. నీరు ఎటనుండి వచ్చి ఎటు పోవుచున్నదో, చెట్టు నేలను ఎట్లు పట్టి నిలిపియున్నదో, పక్షి ఎవరి నీడను తలదాచుకొనుచున్నదో వాన కురియునప్పుడే మనకు తెలియును. ఈ మూడింటిని ఒకేచోట, ఒక పూర్వరాజధాని నడిబొడ్డున, కాలినడకన చేరదగిన దూరములో చూపగల నగరమొకటి సింహళద్వీపమున కలదు. అది కాండీ. ఆ దేశస్థులు దానిని మహనువర అని పిలుచుకొందురు. కార్తీకమాసపు వానలలో అచ్చట తిరిగి చూచినదానిని, ఆ నగర చరిత్రతో కలిపి, నేడు మీకు మనవి చేసెదను.

కొలంబో నుండి కాండీకి రైలుమార్గము 1867లో ఏర్పడినది. రాంబుక్కన స్టేషను దాటిన పిమ్మట బండి కొండ నెక్కుటకు మొదలిడును. ఒక ప్రక్క తలకెత్తుగా రాతిగోడ. వేరొక ప్రక్క లోతు తెలియరాని లోయ. ఆ లోయలో మెట్లు మెట్లుగా దిగిపోవు వరిమళ్లు. వాటిపై నెమ్మదిగా ప్రాకివచ్చు మంచుతెరలు. వానదినములలో ఆ రాతిగోడ పొడవునను సన్నని నీటిధారలు జారుచు, పట్టాల ప్రక్కనున్న కాలువలో కలిసి, బండితో పందెము వేసికొన్నట్లు పల్లమునకు ఉరుకుచుండును. కడుగణ్ణావ కనుమ దాటిన పిదప కొండల నడిమి నేల కనబడును. సముద్రమట్టమునకు సుమారు 500 మీటర్ల ఎత్తున, చుట్టును పచ్చని శిఖరములు కాపుండగా, సింహళములోకెల్ల పొడవైన మహావేలి గంగ మూడువైపుల చుట్టి ప్రవహించుచుండగా, ఆ నడుమ కాండీ నగరము వెలసియున్నది.

ఈ కొండలు, ఈ అడవులు, ఈ వానలు కలిసి ఆ నగర చరిత్రను నిర్ణయించినవన్నచో అతిశయోక్తి కాదు. పదునారవ శతాబ్దము మొదలు సింహళపు తీరభూములను తొలుత పోర్చుగీసువారు, తరువాత డచ్చివారు, ఆపైన ఆంగ్లేయులు వరుసగా ఆక్రమించుకొనుచుండగా, ఈ కొండరాజ్యము మాత్రము రెండువందల యేండ్లకు పైగా తల వంచలేదు. 1594లో దంతురె యొద్దను, 1638లో గన్నోరువ యొద్దను పోర్చుగీసు సేనలు ఘోరముగా ఓడిపోయినవి. 1803లో ఆంగ్లేయుల దండు నగరములో ప్రవేశించినప్పుడు వీధులు శూన్యముగా నుండెను. రాజును ప్రజలును ఇండ్లు విడిచి అడవులలోనికి తొలగిపోయియుండిరి. పిమ్మట వానలు వచ్చెను; వానలవెంట జ్వరములు వచ్చెను; తీరమునుండి తిండిగింజలు అందుట కష్టమయ్యెను; రోగపీడితులై మిగిలిన సైనికులు జూన్ మాసమున కాండీవారి చేత చిక్కి నశించిరి. దట్టమైన అడవి తమ కోటగోడయని ఎరిగిన ఆ రాజులు కనుమలలో వెడల్పైన బాటలు వేయనీయలేదు. దేశరక్షణకొరకు పెంచిన ఆ యడవిలో ఒక తునక నగరములో నేటికిని మిగిలియున్నది. దానిని గురించి ముందు చెప్పెదను.

ముందుగా సరస్సు. కాండీ సరస్సును చూచినవారెవరికైనను అది అనాదిగా అచ్చటనే యున్నట్లు తోచును. నిజమునకది మానవనిర్మితము, అదియును ఇటీవలిదే. కడపటి రాజైన శ్రీవిక్రమరాజసింహుడు 1807లో, తన రాజభవనము నెదుటనున్న వరిపొలములకు అడ్డముగా కట్టవేయించి, కొండలనుండి దిగివచ్చు నీటిని నిలిపి, దీనిని నిర్మింపజేసెను. నిర్మాణమునకు సూత్రధారి దేవేంద్ర మూలాచారి యను శిల్పి. సరస్సు నడుమ ఒక చిన్న దీవిని నిలిపి అందు రాజునకు విహారమందిరము కట్టిరి. ఆంగ్లేయులు వచ్చిన పిదప దానిలో తుపాకిమందు దాచుకొనిరి. ఒడ్డునే, నీటిలోనికి చొచ్చుకొని, రాణులు జలకములాడిన స్నానశాల కలదు. ఈ సరస్సునకు స్థానికులు పెట్టుకొన్న పేరు కిరిముహుద, అనగా పాలకడలి.

సరస్సు నంచున కట్టిన గోడను వలాకులు బమ్మ, మేఘముల గోడ, అందురు. తెల్లని సున్నపుపూత గల ఆ గోడ తల తిన్నగా నుండదు. అలలు అలలుగా లేచుచు వంగుచు, కొండనెత్తిన నిలిచిన మబ్బు అంచును తలపించుచుండును. గోడ పొడవునను దీపములు పెట్టుటకు మూడుమూలల చిన్ని గూళ్లు వరుసగా తొలిచియున్నారు. ఉత్సవపు రాత్రులలో ఆ గూళ్లన్నిటను ప్రమిదలు వెలుగగా, ఆ వెలుగు నీటిలో రెట్టింపగునట్లు ఆ శిల్పి సంకల్పించెను. వాన వెలిసిన యొక ఉదయమున నేనా గోడ దగ్గర చాలసేపు నిలిచియుంటిని. గూటి అడుగున వేలెడు నీరు నిలిచియుండెను. పైయంచున నాచు పట్టియుండెను. ఆ నాచు వెంబడి ఒక నత్త మెల్లగా ప్రాకుచుండెను. కొంతదూరము పోయిన పిదప గోడ ఆగిపోయెను. దానిని పూర్తిచేయునంతటి వ్యవధి ఆ రాజునకు దొరకలేదు.

ఎందుచేత దొరకలేదో చెప్పినగాని ఈ కథ సమగ్రము కాదు. రాజు పిలిచినప్పుడు ప్రజలు కూలి లేకుండ వచ్చి పనిచేయవలెనను ఆచారము ఆ రాజ్యమున నుండెను. దానిని రాజకారియ యందురు. చెరువులు, కాలువలు, గుళ్లు ఆ విధముననే వెలసినవి. కాని పంటపొలమును ముంచి, రాజు కంటికింపుగా ఒక జలాశయము త్రవ్వుటకై నాగళ్లు విడిచి రమ్మనినప్పుడు ప్రజలకు కడుపు మండినది; సామంతులు లోలోన కూడబలుకుకొనిరి. ఎదురు తిరిగినవారిని సరస్సు గర్భముననే రాజు కొరత వేయించెనని ఒక కథ యిప్పటికిని చెప్పుకొందురు. అందు నిజమెంతయైనను, ఆ నీటి యడుగున అనేకుల కన్నీరు కలదనుట మాత్రము సత్యము. సౌందర్యమును మెచ్చుకొనువాడు దాని వెలను కూడ తెలిసికొనవలెను.

ఆ రాజు మనకు బొత్తిగా పరాయివాడు కాడు. 1739లో వీరనరేంద్రసింహుడను సింహళరాజు వారసుడు లేక గతించినప్పుడు, మధుర నాయకవంశమునుండి వచ్చిన ఆయన రాణియొక్క సోదరునికి సింహాసనము దక్కెను. విజయనగర ప్రభువుల కాలమున తెలుగునాటి నుండి దక్షిణమునకు తరలి, మధురను ఏలిన నాయకుల బంధువర్గము వారిది. శ్రీవిజయరాజసింహుడు, కీర్తిశ్రీరాజసింహుడు, రాజాధిరాజసింహుడు, శ్రీవిక్రమరాజసింహుడు అను నలుగురు నాయకరాజులు 1739 మొదలు 1815 వరకు కాండీని పాలించిరి. పరదేశమున రాజులైనవారు ప్రజల హృదయములలో చోటు సంపాదించుటకు ఏమి చేయవలెనో వీరిలో కీర్తిశ్రీరాజసింహుడు చక్కగా గ్రహించెను. పుట్టుకచే శైవసంప్రదాయమువాడైనను ఆయన బౌద్ధధర్మమును ఆదరించి, సింహళమున అంతరించిపోయిన భిక్షుదీక్షను పునరుద్ధరించుటకై 1753లో శ్యామదేశమునుండి ఉపాలి స్థవిరుని, ఆయనతో భిక్షుసంఘమును రప్పించెను. నేటికిని ఆ దేశపు భిక్షువులలో ఒక ప్రధానశాఖకు శ్యామనికాయమని పేరు.

శ్రీవిక్రమరాజసింహుని గతి వేరు. కన్నస్వామి యను పేరుగల ఆ యువకుడు 1798లో, ఇరువదియేండ్లయినను నిండనినాడు, గద్దె నెక్కెను. తన్ను నిలిపిన మంత్రులనే అనుమానించుచు, తాను అనుమానించినవారిని కఠినముగా శిక్షించుచు, తుదకు ఒంటరివాడయ్యెను. తుపాకులు చేయలేని పనిని సామంతుల విరోధము చేసినది. 1815 ఫిబ్రవరిలో ఆయన పట్టువడెను. ఆంగ్లేయులాయనను మన దేశమునకు తెచ్చి వేలూరు కోటలో నుంచగా, అచ్చటనే 1832లో కన్నుమూసెను. పాలారు నదీతీరమున, వేలూరులో, ఆయన సమాధి యున్నది. తాను కట్టించిన పాలకడలి యొడ్డున ఆ రాజు గడపిన కాలము ఎనిమిదేండ్లకు మించలేదు.

సరస్సు నుత్తరపుటొడ్డున దంతధాతు మందిరము, దలదా మాలిగావ, కలదు. బుద్ధభగవానుని దంతము అందు పూజలందుకొనుచున్నది. ఆ ధాతువు సింహళమునకు చేరిన కథ మన తీరమునకు సంబంధించినది. నాలుగవ శతాబ్దమున కళింగరాజు గుహశివుడు శత్రుభయమున, దంతధాతువును తన కూతురైన హేమమాలకును అల్లుడైన దంతకుమారునకును అప్పగించి సింహళమునకు పంపెననియు, ఆ రాజకుమారి దానిని తన జడలో దాచుకొని సముద్రము దాటెననియు పాళీభాషలోని దాఠావంసము చెప్పుచున్నది. ఆ కళింగపు దంతపురి శ్రీకాకుళపు సీమలోని దంతవరపుకోటయే యని కొందరు చరిత్రకారులు నమ్ముచున్నారు. అచ్చటి మట్టికోట గట్టును చూచినవారు కాండీలోని బంగారు కరండమును చూచినప్పుడు, లేదా కాండీ నుండి వచ్చి దంతవరపుకోటను చూచినప్పుడు, సముద్రము రెండు దేశములను కలుపు బాటయని తప్పక గ్రహింతురు.

దినమునకు మూడుపూటలు ఆ మందిరమున సేవ జరుగును. తమ్మెటలు, డప్పులు, సన్నాయిని పోలిన హొరణెవ మ్రోగుచుండగా, చేతులలో కలువపూలు, నేలసంపెంగలు పట్టుకొని తెల్లని వస్త్రములు ధరించిన జనులు మెట్లెక్కిపోవుదురు. వానలో ఆ వాద్యఘోష గోడలకు తగిలి, నీటిమీదుగా సాగి, ఆవలి యొడ్డున నిలిచినవారికి మరింత గంభీరముగా వినబడును. మందిరమునకు ముందున్న ఎనిమిదిమూలల మంటపము, పత్తిరిప్పువ, దేవేంద్ర మూలాచారి కట్టినదే. నేడందు తాళపత్రగ్రంథములు భద్రపరచియున్నారు. ప్రక్కనే మగుల్ మడువ యను కొలువుకూటము. 1783లో దానిని ఆరంభించిరి. చెక్కడపు కొయ్యస్తంభముల వరుసలమీద వాలుగా దిగిన ఆ పెంకుల కప్పు క్రింద, 1815 మార్చి 2వ తేదీన, రాజ్యమును ఆంగ్లేయులకు అప్పగించు ఒడంబడిక జరిగినది. ఆవరణకు చేరువనే నాథదేవాలయము, విష్ణ్వాలయము, పత్తినీదేవి యాలయము నున్నవి. బుద్ధునికి మ్రొక్కినవారే ఈ దేవతలకును దీపము పెట్టి పోవుదురు. ఈ సమస్తము 1988 నుండి ప్రపంచ వారసత్వ సంపదగా గణింపబడుచున్నది.

ఇక వానలను గురించి. కాండీకి వేసవి తొలకరి గాలులును వాన తెచ్చును గాని, అక్టోబరు నవంబరు మాసములలో కురియు వాన తీరు వేరు. ప్రాతఃకాలమున ఆకాశము కడిగినట్లు నిర్మలముగా నుండును. పది గంటల వేళకు కొండలమీద తెల్లని మబ్బు చేరును; మధ్యాహ్నమునకు నల్లబడును; భోజనానంతరము ఉరుములు మెరుపులతో ధారాపాతముగా కురిసి, సాయంకాలమునకు తెరపి యిచ్చును. ఈ క్రమము నెరిగిన యాత్రికునకు ఇబ్బంది లేదు. ఉదయమున అడవి, మధ్యాహ్నమున ఆలయము, సాయంకాలమున సరస్సు, అని దినమును మూడుపాళ్లు చేసికొన్నచో వానయే అతనికి సమయపాలన నేర్పును. పక్షులును ఇదే క్రమమున తమ దినచర్యను నడపుకొనుచున్నవని కొలదిదినములలోనే తెలియును. వాన రాకమునుపు ఆత్రముగా మేత వెదకును; కురియుచున్నంతసేపు ఆకుల క్రింద ఒదిగి కదలకుండును; తెరపి రాగానే కొమ్మచివరల కెక్కి రెక్కలు విదల్చుకొని గొంతు విప్పును. పక్షులను చూడగోరువానికి వాన వెలిసిన ఆ తొలి అరగంటకు సాటి వచ్చు ఘడియ దినమంతటను లేదు.

సరస్సు చుట్టును మూడు కిలోమీటర్లకు పైబడిన బాట కలదు. ఒడ్డునున్న నిద్రగన్నేరు మ్రాకులు నీటిమీదికి కొమ్మలు చాచుకొనియుండును. సాయంకాలము అయిదున్నర గంటలయినది మొదలు నలుదిక్కుల పొలములనుండి తెల్లకొంగలు బారులు బారులుగా వచ్చి ఆ కొమ్మలపై వ్రాలును. నీటికాకులు నల్లని గుంపులై వచ్చి వాటితో చోటుకొరకు పోట్లాడును. అదే సమయమున, దినమంతయు ఆకులలో కునికిన చింతవొక్కులు గరగర కూయుచు మేతకు బయలుదేరును. పగటివారు ఇల్లు చేరుచుండగా రాత్రివారు పనికి పోవుచుందురు. ఒకే కొమ్మ ఇరువురకును చాలును. క్రింద నీటియంచున పెద్ద ఉడుములు, మనిషికి జంకక, పొట్టను నేలకు ఈడ్చుకొనుచు తిరుగును. ఆ బాటన పోవు ఊరివారు కొంగల రెట్టకు వెరచి, వాన లేకున్నను గొడుగు తెరచి నడచుచుందురే గాని, పక్షులను రాయి విసరి తోలుటను నేను చూడలేదు.

నీటికాకిని దగ్గరనుండి చూచుట యొక చదువు. దీవికి చేరువగా నీటిలో పాతిన గుంజమీద ఒకటి రెక్కలు రెండును బారచాపి, ముక్కు పైకెత్తి, సన్నజల్లులో కదలక నిలిచియుండెను. బాతు ఈకలకు నీరంటదు. నీటికాకి ఈకలు పైవరుసన తడిసిపోవును. ఈకలలో గాలి తక్కువైనకొలది శరీరము తేలక సులభముగా మునుగును. నీటిలోపల చేపను వెంబడించి పట్టువానికి ఆ తడియే మేలు. ఆ మేలునకు మూల్యముగా పైకి వచ్చిన పిదప రెక్కలార్చుకొనవలసియున్నది. జల్లు పెరిగినను అది రెక్కలు ముడువలేదు. కొంతసేపటికి మెడ త్రిప్పి, రొమ్ము ఈకలను ఒక్కొక్కటిగా ముక్కున సవరించుకొని, ఒక్కసారి ఒడలు విదిల్చి, చప్పుడు కాకుండ మరల నీట మునిగెను.

దంతమందిరమునకు వెనుక, కొండమీద, ఉడవత్తకెలె యను వనము కలదు. రాజుల కాలమున అది తహంచికెలె, అనగా నిషిద్ధవనము. ప్రజలకందు ప్రవేశము లేదు, గొడ్డలికి అసలే లేదు. ఆంగ్లేయుల పాలనలో 1856లో అది రక్షితారణ్యమైనది. 1938లో వన్యప్రాణులకు శరణాలయముగా ప్రకటింపబడినది. నేడు సుమారు 257 ఎకరముల ఆ యడవి, చుట్టును ఇండ్లు, బడులు, బజారులు క్రమ్ముకొనగా, నగరము నడిమధ్య నిలిచియున్నది. ద్వారము దాటి నూరడుగులు నడచినంతనే బస్సుల మ్రోత అణగిపోవును. మనిషి తొడకంటె లావైన గిల్లతీగలు చెట్టునుండి చెట్టునకు మెలికలు తిరిగి వ్రేలాడుచుండును; రాజుల నాటి కోనేరొకటి చెట్లనీడ నల్లగా నిలిచియుండును. వానకాలమున జలగలు విస్తారము. ఊరివారు కాళ్లకు సబ్బుగాని ఉప్పుగాని రాచుకొని లోపలికి పోవుదురు. ఆ జాగ్రత్త తీసికొన్నవారికి భయము లేదు.

సింహళమున తప్ప లోకమున వేరెచ్చటను కనబడని పక్షిజాతులు ముప్పదికి పైగా నున్నవి. వానిలో కొన్ని ఈ నగరమధ్యమునందలి వనమున నివసించుట విశేషము. పసుపుపచ్చని నుదురు, నీలి చెక్కిలి గల ఆకుపచ్చని పక్షియొకటి, మన కంసాలిపిట్టకు దాయాది, చెట్టుచివర కనబడక కూర్చుండి గడగడ కూయుచు అడవినంతటిని నింపును. సింహళులు ఈ జాతిని కొట్టోరువ అందురు. ఎండిన మ్రానును ముక్కుతో తొలిచి అందు గూడు కట్టుకొనును గనుక, ఎండిపోయినదని చెట్టును నరికివేయు తోటలో దానికి నిలువ నీడయుండదు. పండుటాకును, ఎండుకొమ్మను కూడ తాకనీయని వనముననే దాని వంశము నిలుచును. బూడిదవన్నె తల, పచ్చని కంఠహారము, నీలితోక గల ఒక చిలుక జంటలు జంటలుగా కేకలు వేయుచు మ్రాకులపై దాటిపోవును. అరచేతిలో ఇముడునంతటి వేరొక చిన్ని చిలుక, ఎర్రని నెత్తి గలది, రాత్రి తలక్రిందుగా వ్రేలాడి నిద్రించును. ఈ పక్షుల నన్నిటిని తానే చిత్రించి, వాని చర్యలను ఓపికగా వర్ణించి జి. ఎం. హెన్రీ వ్రాసిన సింహళపక్షుల గ్రంథము 1955లో వెలువడినది. చూచుట యనునది ప్రేమకు మరియొక రూపమని ఆ గ్రంథము తెరచిన ప్రతివారికిని తెలియును.

కాని ఆ వనమున నా మనస్సును మిక్కిలిగా ఆకర్షించినది సింహళమున పుట్టిన పక్షి కాదు, అతిథిగా వచ్చినది. అది పొన్నంగిపిట్ట. హిమాలయ పాదములందును మధ్యభారతపు అడవులందును వేసవివానలలో గూడు కట్టి పిల్లలను పెంచి, చలి సోకకమునుపే దక్షిణమునకు రాత్రులయందు ఎగిరివచ్చి, అక్టోబరు నాటికి సింహళము చేరును. దారిలో మన తెలుగునేల మీదుగ పోవునప్పుడు, అలసి ఇండ్ల పెరళ్లలో వ్రాలినవానిని మనవారిలో కొందరు చూచియుందురు. కోనేటి దాపున, వాన వెలిసిన పిదప, ఎండుటాకుల చప్పుడు విని నిలిచితిని. పిడికెడంత పక్షి, తోక యున్నదో లేదో యన్నంత పొట్టి. వీపు ఆకుపచ్చ, భుజమున మెరయు నీలము, కంటిమీదుగా కాటుకగీత, తోక క్రింద కుంకుమవన్నె. ఒక ఆకును ముక్కుతో పట్టి ప్రక్కకు విసరి, క్రింద తడినేలను పరికించి, వానపామును లాగి మ్రింగి, రెండు గెంతులు గెంతి మరియొక ఆకును త్రిప్పెను. అంతలో నిలువుగా లేచి నిలిచి, పొట్టితోకను మెల్లగా క్రిందికి మీదికి ఊపుచు, రెండు స్వరముల స్పష్టమైన ఈల వేసెను. సింహళ పల్లెజనులు దీనిని గూర్చి యొక కథ చెప్పుదురు: నెమలి యొకప్పుడు ఈ పిట్ట అందమైన దుస్తులను అపహరించెననియు, నాటినుండి ఉదయసాయంకాలములు అది తన వస్త్రముల కొరకు మొరపెట్టుచున్నదనియు. ఇంతటి సొగసును ఒంటినిండ ధరించినదానికి పోయినదానిపై ఇంకను దిగులున్నదని తలచిన ఆ పల్లెజనుల ఊహ ఎంత కరుణార్ద్రమైనది!

నగరమునకు నాలుగు మైళ్ల దూరమున పేరాదెణియ తోట యున్నది. కీర్తిశ్రీరాజసింహుని నాడు రాజోద్యానమైన ఆ స్థలమున 1821లో అలెగ్జాండర్ మూన్ శాస్త్రీయమైన వృక్షవాటికను నెలకొల్పెను. మహావేలి గంగ ఆ తోటను మూడువైపుల చుట్టి పారును. వానలకు నది ఎర్రబారి, ఒడ్డునున్న మహావేణువుల మొదళ్లను ఒరసికొని ప్రవహించుచుండగా, ఎత్తైన చెట్లపై వేలకొలది పెద్దగబ్బిలములు తడిసిన రెక్కలలో ఒడలు చుట్టుకొని వ్రేలాడుట చూడదగిన దృశ్యము. లవంగమును, జాజికాయను పోపుదినుసుల డబ్బాలోనే తప్ప చెట్టున చూడని మనవారికి అచ్చట ఒక పూట చాలదు.

ఈ నగరమును చూచిన పిదప నాకు గట్టిగా తోచిన యొక మాటను మీ ముందుంచుచున్నాను. శ్రీవిక్రమరాజసింహుడు సరస్సును తన వైభవము కొరకు త్రవ్వించెను; నిషిద్ధవనమును ఆయన పూర్వులు తమ రక్షణకొరకును విహారముకొరకును ఉంచుకొనిరి. ఆ రాజులు పోయిరి; వారి సింహాసనము పోయినది. నీటిని పూడ్చి అంగళ్లు కట్టుకొనుటకు, కొండను చదును చేసి ఇండ్లు వేసికొనుటకు తరువాతివారికి అవకాశము లేకపోలేదు. ఆ నేల వెల యెంతయో వారికి తెలియును. అయినను రెండింటిని నిలుపుకొనిరి. అందుచేత అధికారము కొరకు విధించిన నిషేధము క్రమముగా జీవుల కొరకు పాటించు నియమముగా మారినది. రాజు కొరకు నిలిచిన నీరు కొంగలకు, కొలుచు జనులకు, వేసవిలో ఊరి చల్లదనమునకు ఆధారమైనది. ఊరికి ఇక్కట్లు లేవనను. కొండవాలున ఇండ్లు పెరిగి పూడికమట్టి సరస్సులోనికి దిగుచున్నది. మురుగునీటిచేత నీరు పచ్చబడుచున్నది. రక్షణ యనునది ఒకనాడు శాసనము చేసి మరచిపోదగినది కాదనియు, ప్రతి వానకాలమును మరల మరల చేయవలసిన పనియనియు ఆ నీరే చెప్పుచున్నది.

మనకు ఈ విద్య క్రొత్తది కాదు. కాకతీయుల నాటి రామప్ప, పాకాల చెరువులు ఏడువందల యేండ్లకు పైగా నిండుచు పారుచున్నవి. పాకాలకు నీరెంత ముఖ్యమో చుట్టునున్న అడవి అంత ముఖ్యము. పులికాటు సరస్సు చేరువనున్న నేలపట్టులో, నీటిలో నిలిచిన కడపచెట్లపై గూడబాతులు పిల్లలను పెంచుచున్నవి. గుంటూరు దగ్గర ఉప్పలపాడు చెరువు వేల పక్షులకు నెలవు. అనంతపురపు సీమలోని వీరాపురమున ఎర్రకాళ్ల కొంగలు ఇండ్లమధ్యనున్న చెట్లపై గూళ్లు కట్టినప్పుడు, అవి రాకున్నచో వానలు సరిగా కురియవని నమ్మి, ఊరివారు వానిని ఆడపడుచులవలె ఆదరింతురు. ఈ పల్లెలవారు గ్రంథములు చదివి నేర్చినది కాదిది; కొంగ వచ్చినదనిన నీరు వచ్చినదనియు, నీరు వచ్చినదనిన అన్నము వచ్చినదనియు తరతరములుగా చూచి తెలిసికొన్నది. ఇదే తెలివి కొల్లేటి నడుమ చేపల చెరువుల గట్లు వేసినప్పుడు మనకు తోడురాలేదు. పట్టణముల చుట్టునున్న కుంటలను పూడ్చినప్పుడును తోడురాలేదు.

కావున శ్రోతలారా, అవకాశమున్నవారు కాండీని వానకాలమున చూచి రండు. పాలకడలి చుట్టును నడచుడు. మేఘముల గోడ ఆగిపోయిన చోట నిలిచి ఒక తెలుగువంశపు రాజు ఉత్థానపతనములను తలచుకొనుడు. నిషిద్ధవనమున పొన్నంగిపిట్ట ఈల వినుడు. పోలేనివారు విచారింపవలసిన పని లేదు. రేపటి వాన వెలియగానే మీ ఊరి చెరువుకట్ట మీదికి మీ పిల్లలను వెంటబెట్టుకొని పొండు. ఏ వాగునుండి నీరు చేరుచున్నదో, ఏ తూము నుండి పొలమునకు పోవుచున్నదో వారికి చూపుడు. గట్టునున్న తుమ్మచెట్టుపై వ్రాలిన పక్షి పేరేమో ఊరి పెద్దలనడిగి తెలిసికొనుడు. అటుపిమ్మట ఆ చెరువులో మట్టి పోయుటకు బండ్లు వచ్చిననాడు, ఆ చెట్టుపై గొడ్డలి లేచిననాడు, వద్దని చెప్పుటకు ఆ పిల్లలు ముందుకు వత్తురు. తాను వాడుకొనగలిగియు ముట్టక విడిచినదానిలోనే ఒక ఊరి సంస్కారము కనబడును. ఆ సంస్కారమును నిలుపుకొనుట మన చేతిలోని పని.